ప్రసంగం విన్నాక ఏం చదివారు?

మిత్రులారా, యూట్యూబ్‌లో స్ఫూర్తి ప్రసంగాలు వినడం గురించి ప్రభుత్వ ఉద్యోగ పరీక్షలకు చదివేవారు ఉండే హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఎవరిని అడిగినా రెండు మాటలే వినిపిస్తాయి. అవి వింటేనే చదవబుద్ధవుతుందని కొందరు, అదంతా కాలం వృథా అని కొందరు. నా మటుకు నాకు అవి నిజంగా ఉపయోగపడ్డాయి. చదవాలన్న ఆసక్తి అడుగంటిన రోజుల్లో నన్ను మళ్లీ పుస్తకం ముందు కూర్చోబెట్టినవి అవే. అయితే ప్రసంగం ముగిసిన తర్వాతి పది నిమిషాల్లో మనం ఏం చేస్తామన్న దాని మీదే ఆ ఉపయోగమంతా ఆధారపడి ఉంటుంది. ఈ అనుభవం మీతో పంచుకోవాలని రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. స్ఫూర్తి కోసం వెతుక్కోవడం బలహీనత అనేవారితో నేను ఏకీభవించను. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్-2 పరీక్ష సంగతే చూడండి. 783 పోస్టులకు 2022 డిసెంబరులో నోటిఫికేషన్ వస్తే, పరీక్ష జరిగింది 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో. గ్రూప్-1 రాసినవారి అవస్థ ఇంకా పెద్దది. 2022 అక్టోబరు 16న జరిగిన ప్రిలిమ్స్ రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ జరిగితే అదీ రద్దయింది. చివరికి 2024 జూన్ 9న ఇంకోసారి రాయవలసి వచ్చింది. అంతకాలం గది అద్దె, మెస్ డబ్బులు కడుతూ, ఊరి నుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా పరీక్ష ఎప్పుడో చెప్పలేక, చదివిన పాలిటీనే (రాజ్యాంగం, పాలనా వ్యవస్థ) మళ్లీ మొదటి పేజీ నుంచి తెరవాలంటే ఎంత గట్టి మనసుకైనా ఊతం కావాలి.

అలాంటి రోజుల్లో నాకు అన్నిటికన్నా ఎక్కువగా పనికివచ్చింది అబ్దుల్ కలాం ఎన్నో సభల్లో చెప్పిన ఎస్ఎల్‌వీ-3 సంగతి. 1979 ఆగస్టు 10న ఆ రాకెట్ బంగాళాఖాతంలో కూలిపోయింది. ప్రాజెక్టు డైరెక్టరు కలాం. అయినా ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ తానే విలేకరుల ముందుకు వెళ్లి బాధ్యత తీసుకున్నారు. 1980 జులై 18న ప్రయోగం విజయవంతమై రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు మాత్రం మాట్లాడమని కలాంను పంపించారు. ఇది వినేవారిలో చాలామందికి ధావన్ పెద్దమనసు గుర్తుండిపోతుంది. నా మనసు మాత్రం ఆ రెండు తేదీల మధ్య ఉన్న పదకొండు నెలల మీదే నిలిచింది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో లోపం ఎక్కడుందో ఆ బృందం వెతికి పట్టుకుంది, సరిచేసింది, మళ్లీ ప్రయోగించింది. అది విన్న రాత్రి నా పాత మాక్ టెస్టు పేపర్లన్నీ తీసి, తప్పయిన బిట్లను అంశాలవారీగా విడదీశాను. ఎక్కువ మార్కులు పోతున్నది నేను భయపడే ఎకానమీలో కాదు, రాజ్యాంగ సవరణల్లో, కమిటీల పేర్లలో అని తేలింది. తర్వాతి వారమంతా వాటికే కేటాయించాను. ఒక ప్రసంగం నుంచి ఇంతకన్నా ఏం కావాలి? (అన్నట్టు, ఆ కలామే 1982లో మన హైదరాబాద్‌లోని క్షిపణుల పరిశోధనశాల డీఆర్‌డీఎల్‌కు డైరెక్టరుగా వచ్చారు. సైన్స్ అండ్ టెక్నాలజీ చదివేటప్పుడు క్షిపణుల అధ్యాయాన్ని అక్కడి నుంచి మొదలుపెడితే బాగా గుర్తుంటుంది.)

టాపర్ల మాటలు వినే పద్ధతి వేరు. 2017 సివిల్స్‌లో దేశంలోనే మొదటి ర్యాంకు సాధించిన మెట్‌పల్లి వాసి దురిశెట్టి అనుదీప్, ఐఆర్‌ఎస్ (రెవెన్యూ సర్వీసు) ఉద్యోగం చేస్తూనే ఆ ర్యాంకు తెచ్చుకున్నారు. 2016లో మూడో ర్యాంకు పొందిన శ్రీకాకుళం జిల్లా ఉపాధ్యాయుడు రోణంకి గోపాలకృష్ణ మెయిన్స్ తెలుగులో రాశారు. ఆయన ఆప్షనల్ కూడా తెలుగు సాహిత్యమే. ఇలాంటివారి ఇంటర్వ్యూల్లో కుటుంబం, కష్టాలు, విఫల ప్రయత్నాల గురించి చెప్పే భాగం దగ్గర మనకు కళ్లు చెమరుస్తాయి. రివిజన్ ఎలా చేశారు, జవాబులు ఎలా రాసి చూసుకున్నారు అనే ప్రశ్నలు మొదలయ్యేసరికి చాలామంది వీడియో ఆపేస్తారు. పెన్ను పట్టుకోవలసింది అక్కడే. తెలుగు మాధ్యమం మిత్రులకు ప్రత్యేకంగా చెబుతున్నాను: గోపాలకృష్ణ గారి గురించి విన్న రోజున తెలుగు అకాడమీ పుస్తకం ముందు పెట్టుకుని ఒక్క మెయిన్స్ జవాబైనా తెలుగులో పూర్తిగా రాయండి. పారిభాషిక పదాలు చేతికి అలవాటైతే తెలుగు మాధ్యమమన్న బెరుకు చాలావరకు పోతుంది.

ఇక గట్టిగా సంగీతం పెట్టి, నువ్వు సింహానివి, నిప్పువి అని అరిచే వీడియోలకు, మూడు నెలల్లో గ్రూప్-1 అని ఆశపెట్టేవాటికి దూరంగా ఉండండి. మాట్లాడే మనిషి ఏ పరీక్ష రాశారో, ఏ పని చేశారో తెలియనప్పుడు ఆ మాటల్లో మనం పట్టుకోగలిగింది ఏమీ ఉండదు. విన్నంతసేపు ఒళ్లు వేడెక్కుతుంది, ఆ తర్వాత మరొకటి వినాలనిపిస్తుంది.

నేను పాటించిన పద్ధతి చాలా చిన్నది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో మధ్యాహ్నం భోజనం తర్వాత కళ్లు మూతలు పడే సమయం ఉంటుంది కదా, ఆ వేళకు ఒక ప్రసంగం. పొద్దున తాజాగా ఉన్న గంటలను దేనికీ ఇవ్వకూడదు. ముందే డౌన్‌లోడ్ చేసుకుని బయట నడుస్తూ వినేవాడిని, అందువల్ల తర్వాతి వీడియో దానంతటదే మొదలయ్యే ప్రమాదం లేదు. లోపలికి వచ్చాక నోటుబుక్కులో ఒక్క వాక్యం రాసేవాడిని: ఇప్పటి నుంచి ఐదు గంటల వరకు ఏ అధ్యాయం, ఎన్ని పేజీలు. వాక్యం రాయలేకపోయిన ప్రసంగాన్ని మళ్లీ వినలేదు.

పరీక్ష దగ్గరపడ్డాక ఇతరుల ప్రసంగాలు పూర్తిగా ఆపి, నా నోట్సునే నా గొంతుతో ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. తెలంగాణ ఉద్యమం పేపరుకు ఇది అద్భుతంగా పనిచేస్తుంది. 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఉద్యమం, 2009 డిసెంబరు 9 ప్రకటన, శ్రీకృష్ణ కమిటీ, 2014 జూన్ 2 వరకు వరుసగా చదివి పెట్టుకుంటే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లేలోపు ఒక రివిజన్ అయిపోతుంది. ఎకానమీకి మాత్రం తొందరపడి రికార్డు చేయకండి. అంకెలు ఏటా మారతాయి కాబట్టి, బడ్జెట్‌తో పాటు కొత్త సామాజిక ఆర్థిక సర్వే వచ్చాక చేసుకుంటే రెండోసారి శ్రమపడవలసిన అవసరం ఉండదు.