మూడో తరగతి పటాల పాఠం: నా లెసన్ ప్లాన్ ఎలా తయారైంది

మూడో తరగతికి పటాల పాఠం సిద్ధం చేసుకునేటప్పుడు, ఆఖరి రోజు పిల్లలు ఏం చేసి చూపించాలో ముందే రాసుకున్నాను. తరగతి గది పటం గీసి పక్క సెక్షన్ పిల్లల చేతికివ్వాలి. వాళ్లు ఎవర్నీ అడక్కుండా, అందులో గుర్తు పెట్టిన బల్ల దగ్గరికి నేరుగా వెళ్లగలగాలి. ఇలా చివర ఏం రావాలో తేల్చుకుని వెనక్కి ప్లాన్ చేసుకునే పద్ధతిని 1998లో అమెరికా విద్యావేత్తలు గ్రాంట్ విగ్గిన్స్, జే మెక్‌టై తమ పుస్తకంతో బాగా ప్రచారంలోకి తెచ్చారు. సోషల్‌కి ఇది చక్కగా కుదురుతుంది. ఏది చెప్పాలో, ఏది వదిలేయాలో ఆ ఆఖరి పనే తేల్చేస్తుంది. రాజధానుల జాబితా నా ప్లాన్‌లోంచి అలాగే పోయింది.

అసలు కష్టమంతా పైనుంచి చూసినట్టు గీయడంలోనే. ఈ వయసు పిల్లలు బల్ల గీయమంటే చాలామంది కాళ్లతో సహా గీస్తారు. అందుకే ఒక పీరియడ్ మొత్తం దీనికే ఉంచాను. డస్టరు, జామెట్రీ బాక్సు, నీళ్ల సీసా నేలమీద పెట్టి, పక్కనే నిలబడి తిన్నగా కిందికి చూడమన్నాను. సీసా ఉత్త గుండ్రంగా కనిపించేసరికి ఒకమ్మాయి, "టీచర్, మరి బల్ల కాళ్లు గీయక్కర్లేదా?" అంది. నేను మాట్లాడలేదు. పక్కనున్న పిల్లాడే "కాళ్లు కిందుంటాయి కదా, కనబడవు" అన్నాడు.

గది పొడవు అంగలేసి కొలవమన్నాను. గళ్ల కాగితం మీద ఒక అంగకి ఒక గడి. ఒక్కొక్కరికీ ఒక్కో లెక్క వచ్చింది, గొడవ మొదలైంది. అది వస్తుందని తెలిసే దానికి టైమ్ ఉంచాను. అప్పుడు మీటరు స్కేలు తీస్తే, అదెందుకో వేరే చెప్పక్కర్లేదు. దిక్కులు తేలిగ్గానే అయిపోయాయి.

ఆఖరి రోజు ఒక పటంలో తలుపు గుర్తు లేదు. పక్క సెక్షన్ పిల్లాడు దాన్ని అటూ ఇటూ తిప్పుకుంటూ ఉండిపోయాడు. గీసిన పిల్లే వచ్చి తలుపు, ఉత్తరం బాణం పెట్టి ఇచ్చింది. మార్కుల కన్నా ఆ దిద్దుబాటే నాకు ముఖ్యం.

తర్వాత ప్రపంచ పటం. మా గోడ మీదున్నది మెర్కేటర్ అనే పటాల నిపుణుడి పద్ధతిలో గీసిన పటం. అందులో గ్రీన్‌లాండ్ ఇంచుమించు ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు. పిల్లలు గ్లోబు మీద పల్చటి కాగితం పెట్టి గ్రీన్‌లాండ్ గీసుకుని, కత్తిరించి ఆఫ్రికా మీద పెట్టి చూశారు. "అయితే గోడ మీది పటం తప్పా?" అన్నారు. 1569లో మెర్కేటర్ దాన్ని నావికుల కోసం గీశాడని, ఒకే దిక్కుకి పోయే ఓడ దారి అందులో సరళరేఖగా వస్తుందని చెప్పాను. సైజులు సరిగ్గా ఉండే పటం తెమ్మన్నారు. తెచ్చాను. అందులో ఖండాల ఆకారాలు సాగిపోయి ఉన్నాయి. దానికి ఇంకో పీరియడ్ కేటాయించాను.