పదిహేనో తారీఖు రాత్రి అంటే ఏ రాత్రి? మా డాలస్ ప్రయాణం

డాలస్ చేరి రెండు రోజులైంది. తెల్లవారుజామున 3కే మెలకువ వచ్చేస్తోంది. కోపం చల్లారకముందే రాస్తున్నాను.

అమ్మాయికి పురుడు పోయడానికి మేమిద్దరం బయల్దేరాం. వీసా, ఇన్సూరెన్స్ ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయాయి. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి దాదాపు 4 గంటలు, అక్కడి నుంచి డాలస్‌కి 16 గంటలు. టికెట్లు తీసిన ఏజెంటు ఫోన్‌లో "పదిహేనో తారీఖు రాత్రి ఫ్లైట్ అమ్మా" అన్నాడు.

15న సాయంత్రం ఖమ్మంలో కారెక్కి, రాత్రి 11.30కి శంషాబాద్‌లో దిగాం. గేటు దగ్గర జవాను టికెట్టు చూశాడు, పాస్‌పోర్టు చూశాడు, మళ్లీ టికెట్టు చూశాడు. 04:20 అన్న అంకె మీద బొటనవేలు పెట్టి, "మేడమ్, యే ఫ్లైట్ తో సుబహ్ నికల్ గయీ" అన్నాడు. విమానం వెళ్లిపోయి 19 గంటలైంది. వెనకాల ట్రాలీలతో పెద్ద లైను. "జరగండమ్మా" అని ఎవరో గట్టిగా అన్నారు. మా వారు మాట్లాడకుండా నాలుగు సూట్‌కేసులూ పక్కకు నెట్టారు. ఆయన చేతులు వణకడం నేను చూశాను.

పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది. మన ఇళ్లలో పదిహేను రాత్రి అంటే ఆ రోజు భోజనాలయ్యాక వచ్చే రాత్రే. విమానాల వాళ్లకి 12 దాటితే తేదీ మారిపోతుంది. రోజూ టికెట్లు అమ్మేవాడికి ఇది తెలియదా? "14 రాత్రికే ఎయిర్‌పోర్టులో ఉండండి" అని ఒక్క మాట చెబితే సరిపోయేది. నేను 31 ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. పిల్లలు తేదీ వెయ్యకపోతే నోటుబుక్కు దిద్దేదాన్ని కాదు.

కౌంటర్లో అమ్మాయి తల ఎత్తకుండానే "నో షో అండి, రిటర్న్ కూడా క్యాన్సిల్ అయింది" అంది. మొదటి విమానం ఎక్కకపోతే తిరుగు టికెట్టు కూడా పోతుందని అప్పుడే తెలిసింది. ఇద్దరికీ కలిపి లక్షా ఎనభై వేలు మళ్లీ కట్టాం. నిండు నెలల అమ్మాయికి చెప్పలేక అల్లుడికి ఫోన్ చేశాను. "పర్వాలేదు అత్తయ్యా, మీరు ముందు ఏదైనా తినండి" అన్నాడు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.

ఏజెంటు నోటిమాట నమ్మకండి. ఎయిర్‌పోర్టుకి ఏ తేదీన, ఎన్నింటికి చేరాలో వాట్సాప్‌లో రాయించుకోండి.

17 తెల్లవారుజాము విమానానికి 16 రాత్రి 9కే వెళ్లి కూర్చున్నాం. దుబాయ్‌లో పొద్దున్న ఎక్కితే అదే రోజు సాయంత్రానికి డాలస్‌లో దిగాం. 16 గంటలూ మాకు పొద్దు గూకనే లేదు. బయట అమ్మాయి పొట్ట పట్టుకుని నిలబడి ఉంది, వద్దన్నా వచ్చిందట.

ఏజెంటు ఇంకా ఫోన్ ఎత్తలేదు.