టేబుల్‌కి గ్రాంట్ (అనుమతి) ఉన్నా ఇన్సర్ట్ ఆగిపోతోందా?

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో 42501 ఎర్రర్ (అనుమతి లేదని అర్థం) రాగానే యాప్ యూజర్‌కి సూపర్‌యూజర్ హక్కులిచ్చి చేతులు దులుపుకోకండి. మెసేజ్ చివరిదాకా చదవండి: ఆగింది స్కీమా (టేబుళ్లుండే విభాగం) దగ్గరా, టేబుల్ దగ్గరా, సీక్వెన్స్ (వరస నంబర్లిచ్చేది) దగ్గరా అన్నది అందులోనే ఉంటుంది. ఐడీ కాలమ్ సీరియల్ రకమైతే, అంటే నంబర్ విడి సీక్వెన్స్ నుంచి వస్తుంటే, టేబుల్ మీద ఇన్సర్ట్ ఒక్కటీ చాలదు. సీక్వెన్స్ మీద యూసేజ్ (వాడుకునే అనుమతి) విడిగా ఇవ్వాలి. సెలెక్ట్ శుభ్రంగా నడుస్తుంది కాబట్టి అనుమానమే రాదు! నంబర్లు తనే వేసుకునే మరో రకం, ఐడెంటిటీ కాలమ్‌కి ఈ తలనొప్పి లేదు.

మైగ్రేషన్ (డేటాబేస్ నిర్మాణం మార్చే స్క్రిప్ట్) తర్వాత కొత్త టేబుల్ ఒక్కటే మొరాయిస్తోందా? ‘ఆల్ టేబుల్స్’ గ్రాంట్ అప్పటికి ఉన్నవాటికే వర్తిస్తుంది. రాబోయేవాటికి ఆల్టర్ డిఫాల్ట్ ప్రివిలేజెస్ కావాలి, అదీ మైగ్రేషన్ నడిపే రోల్ (డేటాబేస్ యూజర్) పేరు మీద.

ఎర్రర్ లేకుండా సున్నా వరసలొస్తే రో లెవెల్ సెక్యూరిటీ (ఎవరికి ఏ వరసలు కనపడాలో పాలసీలతో తేల్చేది) చూడండి. సూపర్‌యూజర్‌కి ఆ పాలసీలు అడ్డురావు, అందుకే సెట్ రోల్‌తో యాప్ యూజర్‌గా మారి అదే క్వెరీ నడపండి.