డ్రాఫ్టుకీ డ్రాఫ్టుకీ మధ్య: ఇంగ్లిష్ 101తో నా అనుభవం

అమెరికాలో బ్యాచిలర్స్‌లో చేరిన వాళ్లకి, మేజర్ కంప్యూటర్ సైన్స్ అయినా నర్సింగ్ అయినా, మొదటి ఏడాదిలో దాదాపు తప్పని కోర్సు ఒకటుంది. ఒక్కో కాలేజీలో ఒక్కో పేరు: ఇంగ్లిష్ 101, కాంపొజిషన్ 1, ఫస్ట్ ఇయర్ రైటింగ్. 1885లో హార్వర్డ్ తన మొదటి ఏడాది విద్యార్థులకు ‘ఇంగ్లిష్ ఏ’ని తప్పనిసరి చేసింది. ఆ ఆనవాయితీ ఇంకా నడుస్తోంది. ఎంఎస్‌కి వెళ్లేవాళ్లకి ఈ గొడవ ఉండదు. ఇంటర్ కాగానే నేరుగా డిగ్రీకి వెళ్లేవాళ్లు మాత్రం దీన్ని దాటాల్సిందే. మామూలుగా మూడు క్రెడిట్లు. చాలాచోట్ల ‘సీ’ కన్నా తక్కువొస్తే మళ్లీ ఫీజు కట్టి కూర్చోవాలి, ఇది పాసైతే గాని తర్వాతి కోర్సు 102కి రానివ్వరు.

ఎంపీసీ నుంచి వచ్చిన నాలాంటివాళ్లు ఈ క్లాసులో గ్రామర్ నేర్పుతారనుకుంటారు. నేర్పరు. ఇంటర్ ఇంగ్లిష్ పేపర్‌లో అనొటేషన్లు, పారాగ్రాఫ్ ఆన్సర్లు రాయడానికి గైడు చాలు. ఇక్కడ చదివి రాయడానికి గైడే లేదు, చాలా సెక్షన్లలో ఫైనల్ పరీక్షే ఉండదు. మార్కులన్నీ వ్యాసాల మీద, వాటి డ్రాఫ్టుల మీద. మా కోర్సులో సొంత అనుభవం మీద ఒక వ్యాసం, రెటారికల్ అనాలిసిస్, అనొటేటెడ్ బిబ్లియోగ్రఫీ (చదివిన మూలాల జాబితా, ఒక్కోదాని కింద చిన్న వివరణ), దాని మీద కట్టే రీసెర్చ్ వ్యాసం, ఆఖర్న పోర్ట్‌ఫోలియో. ప్రతి వ్యాసానికీ వరస ఒకటే: రఫ్ డ్రాఫ్టు, తోటివాళ్లతో పీర్ రివ్యూ, ఇన్‌స్ట్రక్టర్‌తో కాన్ఫరెన్స్, తర్వాత ఫైనల్. రఫ్ డ్రాఫ్టు పెట్టకపోతే ఫైనల్‌ని ముట్టుకోని ఇన్‌స్ట్రక్టర్లూ ఉంటారు. సిలబస్‌లో ఆ వాక్యం ఎక్కడుందో మొదటి వారమే వెతికి పెట్టుకోవాలి.

సొంత అనుభవం వ్యాసం గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ఒక్క సంఘటన తీసుకుని, ఆ ఒక్కదాని మీదే ఉంటే అయిపోతుంది. పుట్టుక నుంచి మొదలుపెడితే పోతుంది.

అసలు పని రెటారికల్ అనాలిసిస్‌లో మొదలవుతుంది. ఒక ప్రకటనో ప్రసంగమో తీసుకుని, అది ఏం చెబుతోందో కాకుండా ఎలా ఒప్పిస్తోందో రాయాలి. ఎథోస్, పాథోస్, లోగోస్ అని మూడు మాటలు నేర్పుతారు: మాట్లాడేవాడి మీద నమ్మకం, మనసుని తాకడం, తర్కం. అందరూ జారేది ఇక్కడే. పేరా 1 ఎథోస్, పేరా 2 పాథోస్, పేరా 3 లోగోస్ అని లేబుళ్లు అంటించి ఇచ్చేస్తారు. లేబుల్ అంటిస్తే విశ్లేషణ అయిపోదు.

నేను తీసుకున్నది మన సినిమా హాళ్లలో 2012 నుంచి సినిమాకి ముందూ మధ్యలోనూ తప్పనిసరిగా వేస్తున్న పొగాకు వ్యతిరేక ప్రకటనల్లో ఒకటి. ‘ఇది రోగిని చూపించి భయపెడుతుంది, కాబట్టి పాథోస్’ అంటే అక్కడితో ఆగిపోతాం. ఎవరికి, ఎక్కడ, ఏ పరిస్థితిలో చూపిస్తున్నారు అని అడిగితే దారి తెరుచుకుంటుంది. చూసేవాడు టికెట్ కొనుక్కుని, పాప్‌కార్న్ పట్టుకుని, హీరో ఎంట్రీ కోసం చూస్తున్నాడు. స్కిప్ బటన్ లేదు, చానల్ మార్చలేడు. మాట్లాడేది డాక్టరో మంత్రో కాదు, జబ్బుపడ్డ మనిషే. చూసేవాడికి ఉపదేశం మీదున్న విసుగు అలా ముందే సగం తగ్గుతుంది. అదే ప్రకటన వందోసారి చూసినప్పుడు జనం దాని డైలాగుల్ని జోకులుగా వాడుకుంటారు, భయం అరిగిపోతుంది. ఈ చివరి ముక్క వ్యాసానికి ప్రాణం, ఎందుకంటే ప్రకటనకున్న బలమే ఎక్కడ బలహీనత అవుతుందో అది చూపిస్తుంది. ఇన్‌స్ట్రక్టర్లు మార్జిన్‌లో పదే పదే రాసే ‘అయితే ఏంటి?’ అన్న ప్రశ్నకి జవాబు ఇలాంటి చోటే ఉంటుంది.

రీసెర్చ్ వ్యాసానికి టాపిక్ మనమే ఎంచుకోవాలి. మన పిల్లలు గ్లోబల్ వార్మింగ్, సోషల్ మీడియా దుష్ప్రభావాలు అని మొదలుపెడతారు. ఆరు పేజీల్లో అవి ఇమడవు. చివరికి ప్రపంచంలో అందరికీ తెలిసినవే రాస్తారు. నేను నీటి కాలుష్యం నుంచి ఫ్లోరైడ్‌కి, ఫ్లోరైడ్ నుంచి నల్గొండకి, అక్కణ్నుంచి ‘నల్గొండ పద్ధతి’ అనే ఒక్క విధానానికి దిగాను. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు తయారుచేసిన పద్ధతి అది. బోరు నీళ్లలో పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి, మడ్డి అడుగుకి దిగాక పైనీళ్లు తీసుకోవడం. ఊరి పేరుతో ప్రపంచమంతా తెలిసిన పద్ధతి ఇళ్లలో ఎందుకు నిలదొక్కుకోలేదు అన్నది ప్రశ్న. ప్రశ్న ఇంత ఇరుకైతేనే వెతకడం తేలికవుతుంది. గూగుల్‌లో ఫ్లోరైడ్ అని కొడితే టూత్‌పేస్టులొస్తాయి. కాలేజీ లైబ్రరీ డేటాబేస్‌లో ‘డీఫ్లోరిడేషన్’, ‘హౌస్‌హోల్డ్’, ‘ఇండియా’ మూడింటినీ ‘ఆండ్’తో కలిపి, పీర్ రివ్యూడ్ (నిపుణులు పరిశీలించినవి) అన్న గడిలో టిక్ పెడితే చదవగలిగినన్నే వస్తాయి. ఫుల్ టెక్స్ట్ దొరకని పేపర్‌ని డబ్బుపెట్టి కొనకండి. ఇంటర్‌లైబ్రరీ లోన్‌లో (వేరే లైబ్రరీ నుంచి తెప్పించే పద్ధతి) అడిగితే సాధారణంగా కొద్దిరోజుల్లో పీడీఎఫ్ మెయిల్‌కే వస్తుంది, ఖర్చు లైబ్రరీదే.

థీసిస్ వాక్యం, అంటే వ్యాసం మొత్తం నిరూపించే ఒక్క వాదన, ఎలా మారిందో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే కోర్సులో నేర్చుకున్నదంతా దాదాపు ఇందులోనే ఉంది. మొదటి రూపం: ‘నల్గొండలో ఫ్లోరైడ్ చాలా తీవ్రమైన సమస్య, ప్రభుత్వమూ ప్రజలూ కలిసి దీన్ని పరిష్కరించాలి.’ దీన్ని కాదనేవాడు భూమ్మీద ఉండడు. కాదనేవాడు లేకపోతే అది థీసిస్ కాదు. రెండోది: ‘నల్గొండ పద్ధతి ఇళ్లలో విఫలమైంది.’ ఇందులో వాదన ఉంది, కారణం లేదు. మూడోది: ‘పటిక-సున్నం పద్ధతి చవకదే అయినా, రోజూ కొలిచి వేసే పనినీ మడ్డి పారబోసే పనినీ ఇంటి ఆడవాళ్ల మీదే వదిలేసింది కాబట్టి, ఫ్లోరైడ్ ఊళ్లకి నది నీళ్లని పైపుల్లో తెచ్చే ఖర్చు సమర్థనీయమే.’ దీనితో ఎవరైనా గొడవపడొచ్చు. పైపుల ఖర్చు సంగతేంటి, నీళ్లు రాని రోజు మళ్లీ బోరు నీళ్లే తాగుతారు కదా, చివరి ఊళ్లకి ప్రెషర్ అందుతుందా అని అడగొచ్చు. మిషన్ భగీరథ గురించి మాట్లాడే ఎవరైనా అడిగే ప్రశ్నలే ఇవి. ఆ అభ్యంతరాల్లో గట్టిదాన్ని ఒకదాన్ని తీసుకుని, దానికి ఒక నిండు పేరా ఇచ్చి, అందులో ఒప్పుకోవాల్సింది ఒప్పుకుని, మిగతాదానికి జవాబు చెప్పాలి. బలహీనమైన అభ్యంతరాన్ని నిలబెట్టి కొట్టేస్తే చదివేవాడికి తెలిసిపోతుంది.

గమనించాల్సిందేంటంటే, ఆ మూడో వాక్యం రాయడానికి కూర్చున్నప్పుడు పుట్టలేదు, రఫ్ డ్రాఫ్టు ఆఖరి పేరాలో దొరికింది. చాలామందికి అంతే. డ్రాఫ్టంతా రాస్తూ రాస్తూ చివరికొచ్చేసరికి తనేం అనుకుంటున్నాడో తెలుస్తుంది. మన పరీక్షల్లో అక్కడితో పేపర్ ఇచ్చేసి లేచిపోతాం. ఇక్కడ ఆ ఆఖరి పేరాని ఎత్తి మొదట పెట్టి, మిగతాదంతా దానికి తగ్గట్టు తిరగరాయాలి. తిరగరాయడమంటే స్పెల్లింగులు దిద్దడమని అనుకున్నంతకాలం గ్రేడు ‘బీ మైనస్’ దగ్గరే ఆగుతుంది.

దీనికి పనికొచ్చిన ఉపాయం రివర్స్ ఔట్‌లైన్. డ్రాఫ్టు పూర్తయ్యాక ప్రింటు తీసి, ప్రతి పేరా పక్కన రెండు ముక్కలు రాయాలి: ఈ పేరా ఏం చెబుతోంది, ఈ వ్యాసంలో ఏం పని చేస్తోంది. నా డ్రాఫ్టు పక్కన రాసింది ఇలా ఉంది. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్‌ని (ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు) గుర్తించిన పరిశోధన: సమాచారం. లీటరుకి 1.5 మిల్లీగ్రాములన్న డబ్ల్యూహెచ్‌ఓ పరిమితి: సమాచారం. ఎముకల జబ్బు: సమాచారం. పటిక రసాయనం: సమాచారం. నాలుగు పేరాలు దాటినా వాదన మొదలవలేదు. 1937 పేరా ఒక్క వాక్యమైంది. పరిమితి పేరా పోయి, ఆ అంకె అవసరమైన చోట చేరింది. రసాయనం పేరాలో మిగిలింది ఒక్క విషయం: ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే పటిక అంత ఎక్కువ పడుతుంది, కొలత తప్పితే నీళ్లలో అల్యూమినియం మిగిలిపోవచ్చు. అది వాదనకి పనికొస్తుంది, ఎందుకంటే కొలిచే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న దాన్నుంచే పుడుతుంది. తెలిసిందంతా రాయాలన్న తాపత్రయం మనకి అడిషనల్ షీట్ల రోజుల నుంచీ అలవాటు. ఇక్కడ తీసేయడానికే మార్కులు.

మూలాలు వాడటంలో ఇంకో చిక్కుంది. కాపీ అంటే మక్కీకి మక్కీ దించడమే అనుకుంటాం. మూలంలో వాక్యం తీసుకుని నాలుగు మాటలు మార్చి, వాక్య నిర్మాణం అలాగే ఉంచేస్తే దాన్ని ‘ప్యాచ్‌రైటింగ్’ అంటారు, కింద సైటేషన్ (ఎక్కణ్నుంచి తీసుకున్నామో చెప్పే సూచన) ఇచ్చినా తప్పే. చేయాల్సింది: పేరా చదివి, ట్యాబ్ మూసేసి, కాగితం మీద సొంతంగా తెలుగులో రెండు ముక్కలు రాసుకుని, అందులోంచి ఇంగ్లిష్‌లోకి రాయడం. తెలుగు మధ్యలోకి వస్తే మూలంలోని వాక్యం చేతికి అంటుకోదు. మనకున్న ఈ సౌకర్యం ఒక్క భాషే తెలిసినవాళ్లకి లేదు. తర్వాత ట్యాబ్ తెరిచి అంకెలు మాత్రం సరిచూసుకోవాలి. వ్యాసంలో ఎంత భాగం వేరే మూలాలతో కలుస్తోందో చూపే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్‌లో వచ్చే శాతం చూసి హడలిపోనక్కర్లేదు. కొటేషన్లూ, వ్యాసం చివర ఇచ్చే మూలాల జాబితా (వర్క్స్ సైటెడ్) కూడా అందులో కలవొచ్చు. శాతం కన్నా, కలిసిన చోట్లని చూపే రంగు ఎక్కడ పడిందో చూడాలి.

కొటేషన్ దానంతటదే నిలబడదు. ముందు ఎవరన్నారో, ఏ సందర్భంలో అన్నారో చెప్పాలి. వెనక ఆ మాట మన వాదనకి ఎలా ఉపయోగపడుతుందో చెప్పాలి. వెనక చెప్పే భాగం కొటేషన్ కన్నా పొడుగుండాలి. కొటేషన్‌తో పేరా ముగిసిందంటే ఏదో మిగిలిపోయినట్టే.

వ్యాసం పేజీ ఎలా ఉండాలో, మూలాలు ఎలా చూపాలో చెప్పే ఎంఎల్‌ఏ ఫార్మాట్ మొదటి పేజీకే భయపెడుతుంది గానీ ఒకసారి టెంప్లేట్ చేసి పెట్టుకుంటే చాలు: నాలుగు వైపులా అంగుళం మార్జిన్, మొత్తం డబుల్ స్పేస్, ఎడమవైపు నాలుగు లైన్లలో పేరు, ఇన్‌స్ట్రక్టర్, కోర్సు, తేదీ. ప్రతి పేజీ పైన కుడివైపు లాస్ట్ నేమ్, పేజీ నంబరు. ఈ లాస్ట్ నేమ్ దగ్గర మనవాళ్లు తికమకపడతారు. ఇంటిపేరా, అసలు పేరా అని ఆలోచించకుండా కాలేజీ రికార్డులో సర్‌నేమ్‌గా ఏముందో అదే వేయండి. వర్క్స్ సైటెడ్‌లో తెలుగు రచయితల పేర్లు ఆ జర్నల్ సర్‌నేమ్‌గా దేన్ని చూపిస్తే దాంతో మొదలవ్వాలి. సైటేషన్ జనరేటర్లు వీటినే ఎక్కువ తారుమారు చేస్తాయి.

పీర్ రివ్యూ గురించి నాకు మంచి అభిప్రాయం ఉందని చెప్పలేను. ‘గుడ్ జాబ్, కొన్ని కామాలు చూసుకో’ అని రాసేవాళ్లే ఎక్కువ. ప్రశ్న మనమే అడిగితే పని జరుగుతుంది. ‘నా వాదన ఏంటో, డ్రాఫ్టు చూడకుండా, ఒక్క వాక్యంలో రాయి’ అని పక్కనవాణ్ని అడగండి. వాడు రాసింది మన థీసిస్‌తో కలవకపోతే తప్పు వాడిది కాదు. విచిత్రం ఏంటంటే, ఇతరుల డ్రాఫ్టులు చదవడం వల్ల నాకు కలిగిన లాభం వాళ్ల కామెంట్ల కన్నా ఎక్కువ. సమాచారం పోగేసిన పేరా ఇంకొకరి కాగితంలో ఇట్టే కనిపిస్తుంది.

రైటింగ్ సెంటర్ ఉచితం. అపాయింట్‌మెంట్ సాధారణంగా అరగంట నుంచి గంటలోపు. వాళ్లు గ్రామర్ దిద్దిపెట్టరు, ముందే తెలుసుకుని వెళ్లాలి. అసైన్‌మెంట్ షీటు, రూబ్రిక్ (మార్కులు దేనికి వేస్తారో చెప్పే పట్టిక), డ్రాఫ్టు, ఒక నిర్దిష్టమైన ప్రశ్న పట్టుకెళ్తే ఆ సమయం సరిపోతుంది. ‘ఇది బాగుందా?’ అన్నది ప్రశ్న కాదు. గడువు ముందురోజు వెళ్తే వాళ్లు చెప్పింది మార్చడానికి టైముండదు.

వాక్యాల సంగతి ఆఖర్న చూడాలి, ఎందుకంటే ఎలాగూ సగం వాక్యాలు ఎగిరిపోతాయి. ‘డిస్కస్ అబౌట్’, ‘రిటర్న్ బ్యాక్’ లాంటివి మనకి చెవికి తప్పనిపించవు. ‘ఎ’, ‘ది’లు ఎక్కడ పెట్టాలో చెవికి అస్సలు తెలియదు. వీటన్నిటికీ ఒకేసారి మందు వేయడం కుదరదు. దిద్ది ఇచ్చిన వ్యాసంలో ఎక్కువసార్లు పడిన రెండు తప్పులు నోట్‌బుక్‌లో రాసుకుని, తర్వాతి వ్యాసంలో వాటికోసమే ఒకసారి చదవాలి. పైకి చదివితే రెండు వాక్యాల్ని కామాతో అతికించిన చోటు దొరుకుతుంది, ఆర్టికల్ తప్పులు మాత్రం దొరకవు. వాటికోసం ప్రతి నామవాచకం దగ్గరా ఆగాలి.

ఇప్పుడు ఏఐ గురించి సిలబస్‌లో ఒక నిబంధన ఉంటుంది, సెక్షన్‌ని బట్టి మారుతుంది. ఒకరు ఐడియాలకి వాడుకోమంటారు, ఇంకొకరు పూర్తిగా వద్దంటారు. ఏదైనా, మొదటి అక్షరం నుంచీ గూగుల్ డాక్స్‌లోనే రాయండి. ఎవరికైనా అనుమానమొస్తే వెర్షన్ హిస్టరీ చూపించొచ్చు. వేరేచోట రాసి ఒక్కసారిగా పేస్ట్ చేస్తే చూపించడానికేం ఉండదు.

అదే హిస్టరీ పోర్ట్‌ఫోలియోకీ పనికొస్తుంది. పోర్ట్‌ఫోలియోలో వ్యాసాలతోపాటు రిఫ్లెక్టివ్ లెటర్ అడుగుతారు: ఈ సెమిస్టర్‌లో రచయితగా ఏం మారావు? ‘చాలా నేర్చుకున్నాను, నా ఇంగ్లిష్ మెరుగైంది’ అంటే మార్కులు పడవు. ఫ్లోరైడ్ వ్యాసం రఫ్ డ్రాఫ్టులోని మొదటి పేరానీ ఫైనల్‌లోని మొదటి పేరానీ పక్కపక్కన పెట్టి, 1937 ఎందుకు ఒక్క వాక్యానికి తగ్గిందో చెప్పాలి. ఆ ఉత్తరమూ వ్యాసమే, అందులోనూ వాదన ఉండాలి, ఆధారాలు మన డ్రాఫ్టులే. ఇన్‌స్ట్రక్టర్ కామెంట్లున్న కాపీల్ని ఎప్పటికప్పుడు పీడీఎఫ్‌గా దింపుకోండి, సెమిస్టర్ అయ్యాక చాలా కాలేజీల్లో కోర్సు పేజీ మూసేస్తారు. 102 మొదటి వారంలో చాలామంది ఇన్‌స్ట్రక్టర్లు అడిగేది పాత వ్యాసం ఒకటి తెమ్మనే.