ఆక్సిజన్ లెక్క తీయబోయి ఒండ్రుమట్టి లెక్క తీశాను

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకని గైడ్ సార్ నా చేతిలో పెట్టింది అగ్గిపెట్టెంత సున్నపురాయి ముక్క. మన ఆదిలాబాద్ పెన్‌గంగ రాయి కాదు, కృష్ణా–గోదావరి బేసిన్‌లో సముద్రం అడుగున మీథేన్ ఊరే చోట పుట్టింది. అక్కడి బురదలో సూక్ష్మజీవులు ఆక్సిజన్ లేకుండానే, సల్ఫేట్‌ను వాడుకుని మీథేన్‌ను తినేస్తాయి. అప్పుడు వచ్చే బైకార్బొనేట్ కాల్షియంతో కలిసి రాయవుతుంది. ఆ రాయి పుట్టిన నీళ్లలో ఆక్సిజన్ ఉందా లేదా తేల్చాలి. "సీరియం చూడు" అన్నారు సార్. అంతే.

సీరియం ఒక లోహం. ఆక్సిజన్ ఉన్న నీళ్లలో అది ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని మాంగనీస్ ఆక్సైడ్లకు అంటుకుపోతుంది. అందుకే ఆ నీళ్లలో పుట్టిన రాయిలో దాని పక్క మూలకాలైన లాంథనం, ప్రసియోడిమియంతో పోలిస్తే సీరియం తక్కువ పడుతుంది. ఆక్సిజన్ లేకపోతే ఆ లోటు ఉండదు.

రాయిని అగేట్ రోట్లో నూరి, తొందరగా కరుగుతుందని హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోశాను. బుస్సున పొంగింది. కాజీపేటలో పొద్దుటి రైలెక్కి హైదరాబాద్ తీసుకుపోయి ఏ మూలకం ఎంతుందో కొలిచే ఐసీపీ-ఎంఎస్ యంత్రంలో పెట్టిస్తే సీరియం లోటు లేదు. ఆక్సిజన్ లేదని రాసేశాను. సార్ సీరియం కాలమ్ చూడనే లేదు, బంకమట్టిలో ఉండే అల్యూమినియం మీద వేలు పెట్టారు. వేలల్లో ఉంది! సున్నంతో పాటు బంకమట్టీ కరిగింది. నేను కొలిచింది నది మోసుకొచ్చిన ఒండ్రును. రెండు నెలల పని ఆ గోదాట్లోనే కలిసింది.

రెండోసారి 5 శాతం ఎసిటిక్ యాసిడ్. డెంటిస్టు డ్రిల్‌తో బూడిదరంగు మెత్తటి భాగం వేరుగా, పగుళ్లలో పేరుకున్న లేతపసుపు స్ఫటికాలు వేరుగా గీకాను. 50 మిల్లీగ్రాములకు ఒక పూట పట్టేది. ట్యూబు అడుగున బంకమట్టి కరగకుండా పల్చగా పేరుకోవడం చూశాక ప్రాణం లేచొచ్చింది. పైతేట మాత్రమే తీసుకున్నాను. సాయంత్రం హనుమకొండలో ఇంట్లో అడుగుపెడితే అమ్మ ముక్కు మూసుకునేది: "బిడ్డా, మళ్ల నూడుల్స్ బండి కాడ తినొచ్చినవా?" వెనిగర్‌లో ఉండేది ఇదే యాసిడ్ అంటే నమ్మలేదు.

ఈసారి అల్యూమినియం బాగా దిగింది. బూడిద భాగంలో లోటు లేదు, మాలిబ్డినం మాత్రం ఎక్కువ. సల్ఫైడ్ ఉన్నచోటే మాలిబ్డినం అలా పేరుకుంటుంది, అంటే అవి సల్ఫైడ్ నిండిన, ఆక్సిజన్ లేని నీళ్లు. పసుపు స్ఫటికాల్లో చిన్న లోటు కనబడింది. ఎగిరి గంతేయబోయి ఆగాను. లాంథనం మామూలు కన్నా ఎక్కువున్నా లెక్కలో సీరియం తక్కువున్నట్టే వస్తుంది. అందుకే లాంథనం జోలికి పోకుండా, ప్రసియోడిమియంను దాని రెండు పక్కలున్న సీరియం, నియోడిమియంతో పోల్చి నిష్పత్తి వేశాను. సీరియం నిజంగా తగ్గితే అది ఒకటి దాటాలి, దాటింది. లోటు నిజమే.

అగ్గిపెట్టెంత రాయిలో రెండు రకాల నీళ్లు! థీసిస్‌లో "సముద్రంలో ఆక్సిజన్" అని రాసిన ప్రతిచోటా సార్ ఎర్ర పెన్నుతో "బురద సందుల్లోని నీటిలో" అని దిద్దారు. పదకొండు చోట్ల.