దెయ్యాలు కనిపించే అమ్మాయి నవల: మూడో ప్రతికి గానీ కుదరలేదు

టీనేజ్ పాఠకుల కోసం, దెయ్యాలు కనిపించే 16 ఏళ్ల అమ్మాయి కథ ఇది. భయపెట్టే సన్నివేశాలే కష్టమనుకున్నాను గానీ అవి తేలిగ్గానే వచ్చాయి. మొదటి ప్రతి సగంలో ఆగిపోవడానికి కారణం వేరు. చనిపోయిన కుర్రాడికి తనను చంపిందెవరో తెలుసు. అమ్మాయి అతనితో మాట్లాడగలదు. ఒక్క ప్రశ్న అడిగితే కథ అయిపోతుంది! అడగనివ్వకుండా అతన్ని మాట మధ్యలో మాయం చేశాను, "ఇప్పుడు కాదు" అనిపించాను. రెండుసార్లు చెల్లుతుంది. మూడోసారికి దాస్తున్నది రచయితేనని పాఠకుడికి తెలిసిపోతుంది.

రాయడం ఆపి నియమాలు రాసుకున్నాను. చావుకు ముందు చివరి గంట దెయ్యానికి గుర్తుండదు. చనిపోయిన చోటు నుంచి 100 అడుగులు దాటలేదు. వస్తువుల్ని తాకలేదు. దాని గొంతు ఆ అమ్మాయికి తప్ప ఎవరికీ వినపడదు. ఈ నాలుగూ చాలు, ఇంకా పెంచితే గుర్తుపెట్టుకోవడం పాఠకుడికి బరువు. మొదటి నియమంతో కుర్రాడు సాక్షి కాకుండా పోయాడు, ఆధారాలు అమ్మాయే వెతుక్కోవాలి. రెండోది పతాక సన్నివేశాన్నే ఇచ్చింది: హద్దుకు అవతల ఆమె ప్రమాదంలో ఉంటే ఇవతల నిలబడి అరవడం తప్ప అతనేమీ చేయలేడు. ఏ నియమమైనా అవసరం పడేచోటికి కనీసం రెండు అధ్యాయాల ముందే, ఏదో చిన్న సంగతిలో కనిపించి ఉండాలి. చివర్లో కొత్త శక్తి పుట్టుకొస్తే అది పాఠకుణ్ణి మోసం చేయడమే.

నలుగురి మధ్య గాలితో మాట్లాడే సమస్య ఒకటుంది. చెవి దగ్గర ఫోను పెట్టుకునే ఉపాయం ఒకసారికే బాగుంటుంది. తర్వాత నుంచి, పక్కన మనుషులున్నప్పుడు అమ్మాయికి ఒక్క మాటే ఇచ్చాను, అదీ బతికున్నవాళ్లకు కూడా అతికేలా. "వద్దని చెప్పానా?" అంటే కుర్రాడు ఆగుతాడు, వడ్డించబోతున్న అమ్మ కూడా ఆగుతుంది.

అసలు పని భాషలో ఉంది. మొదటి ప్రతి అంతా "దెయ్యం వచ్చింది, నిలబడింది" అని రాశాను. వ్యాకరణం తప్పు కాదు, కానీ కుర్రాడు వస్తువులాగే మిగిలాడు. మూడో ప్రతిలో నాలుగు అధ్యాయాలు "అది" అని ఉంచి, అతని పేరు తెలిసిన వాక్యం నుంచి "అతను" చేశాను. ఆ మార్పును ఎక్కడా వివరించలేదు, వివరిస్తే చచ్చిపోతుంది. కంప్యూటర్లో ఒకేసారి మార్చేయడం కుదరదు. వాన, తలుపు, అమ్మ అన్నీ "వచ్చింది, పడింది, చూసింది" అనే క్రియల్లోనే ఉంటాయి కదా. వాక్యం వాక్యం చదివి మార్చాల్సిందే, ఆ తర్వాత మిగిలిపోయినవాటి కోసం గట్టిగా చదువుతూ మరోసారి.

పిలుపు దగ్గరా ఇంతే. అతను 17 ఏళ్లప్పుడు చనిపోయి 40 ఏళ్లయింది. చూడ్డానికి ఈడువాడే కాబట్టి అమ్మాయి "నువ్వు" అంటుంది. అతని తమ్ముడికిప్పుడు 54, ఆయన్ని "మీరు" అంటుంది. ముగ్గురినీ ఒకే గదిలో నిలబెట్టాను. నలభై ఏళ్లంటే ఎంతో ఆ కుర్రాడికి తెలిసేది అక్కడే, ఇంకే వర్ణనా అక్కర్లేకపోయింది.

అమ్మ మాత్రం మొదటి నుంచీ "అది" అనే అంటుంది. ఆఖరి పేజీలో రెండే మాటలు ఉంచి మిగతాదంతా కొట్టేశాను.

"అది పోయిందా?"

"వెళ్లిపోయాడమ్మా."