ఎక్స్ అంటే ఎవర్రా?

మన టెన్త్ బ్యాచ్ మళ్ళీ కలుస్తున్న సందర్భంగా వేసే సంచికకి ఏదైనా రాసి పంపమని కమిటీ వాళ్ళు మూడు వారాలుగా వెంటపడుతున్నారు. మూడుసార్లు "రేపు" అన్నాను. నాలుగోసారి మన క్లాస్‌మేటు గంటగాడు ఫోన్ చేశాడు. వాడు ఫోన్ చేస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. "రెండు పేజీలు చాలు. నీ గొప్పలు వద్దు, మన లెక్కల మాస్టారి గురించి రాయ్" అన్నాడు. సరే, రాస్తాను. గొప్పలు అక్కడక్కడా దొర్లితే గంటే ఎడిటర్ కాబట్టి వాడే కొట్టేసుకుంటాడు.

ఆరో క్లాసు నుంచి తొమ్మిది దాకా మనం ఏం చదివామో నిజంగా నాకు గుర్తు లేదు. అస్థిపంజరం టోపీ సంగతి, సైకిలు గాలి సంగతి ఎవరో ఒకరు ఎలాగూ రాస్తారు. ఆ గాలి తీసింది నేను కాదని మాత్రం ఇక్కడ మనవి చేసుకుంటున్నాను. నాకు మిగిలిందల్లా 1993, టెన్త్, మేడ మీద చివరి గది. కిటికీలోంచి విశాఖ హార్బరు క్రేన్లు, బోర్డు ముందు ఎక్స్ మాస్టారు.

చాక్‌పీసుని మధ్యకి విరిచి ఒక ముక్క చొక్కా జేబులో వేసుకునేవారు, గుర్తుందా? ఆ జేబు ఏ రంగు చొక్కాకైనా తెల్లగానే ఉండేది. మనలో ఎవడైనా బోర్డు దగ్గరికెళ్ళి "ఎక్స్ అనుకొనుము" అని రాసి ఆగితే చాలు, వెనక నుంచి వచ్చేది.

"ఎక్స్ అంటే ఎవర్రా?"

"రాము సార్."

"రాము మనిషిరా. మనిషి ఎక్స్ ఎలా అవుతాడు? రాముకి ఏటి? వయసా, జేబులో డబ్బులా, పొద్దున్న తిన్న ఇడ్లీలా?"

"వయసు సార్."

"ఇప్పటి వయసా, పన్నెండేళ్ళ తర్వాతదా? ఏళ్ళల్లోనా, నెలల్లోనా?"

ఆ ఒక్క లైను సరిగ్గా రాస్తే ఒక మార్కు. లెక్క తప్పినా ఆ మార్కు ఉండేది. లెక్క కరెక్టయి ఆ లైను లేకపోతే మాత్రం పేపరు విసిరేవారు.

ఉయ్యాల గాడికి ఆ పేరు ఎలా వచ్చిందో వాళ్ళావిడకి ఇప్పటికీ తెలీదట. ఫంక్షన్‌కి ఆవిడ కూడా వస్తోంది కాబట్టి ఇక్కడ రాసేస్తున్నాను. తండ్రి వయసు కొడుకు వయసుకి మూడు రెట్లు, 12 ఏళ్ళ తర్వాత రెండు రెట్లు. మనవాడు 3ఎక్స్ + 12 = 2ఎక్స్ + 12 అని రాసి, ఎక్స్ విలువ సున్నా అని తేల్చి, కింద రెండు గీతలు కూడా కొట్టాడు. మాస్టారు చాలాసేపు బోర్డు వైపే చూశారు. "కొడుకు వయసు సున్నా. తండ్రి వయసు దానికి మూడు రెట్లు, అదీ సున్నాయే. అయితే తండ్రీ కొడుకులిద్దరూ ఒకే ఉయ్యాల్లో ఉన్నారు. బారసాలకి నన్ను పిలు నాయనా" అన్నారు. తర్వాత ఆయనే కుడివైపు బ్రాకెట్ పెట్టి 2(ఎక్స్ + 12) చేశారు. కొడుక్కి 12, తండ్రికి 36. పన్నెండేళ్ళు పోతే 24, 48. సరిచూచుట అయ్యేదాకా కూర్చోనివ్వలేదు.

"ఇటుది అటు పంపితే గుర్తు మారుతుంది సార్" అనే మాట ఆయనకి ఒళ్ళు మంట. "ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు. పూర్ణా మార్కెట్లో తక్కెడ చూడలేదా? ఇటు పళ్ళెంలోంచి ఏడు తీస్తే అటు పళ్ళెంలోంచీ ఏడు తియ్యాలి. అంతే" అనేవారు. సమాన గుర్తుని 1557లో రాబర్ట్ రికార్డ్ అనే వైద్యుడు మొదలెట్టాడని, రెండు సమాంతర గీతల కన్నా సమానమైనవి ఇంకేముంటాయని అన్నాడని ఎన్నిసార్లు చెప్పారో. అందుకే మన సమాన గుర్తులో ఒక గీత పొడుగైతే అర మార్కు కోత. ఎక్కువ, తక్కువ గుర్తులు (>, <) 1631లో అచ్చయ్యేనాటికి వాటిని వాడిన థామస్ హారియట్ పోయి పదేళ్ళయిందని చెప్పి, ఆయనెవరో సొంత బాబాయి అయినట్టు నిట్టూర్చేవారు.

మైనస్‌తో భాగిస్తే ఆ గుర్తు ఎందుకు తిరగబడుతుందో నాకు ఇంజనీరింగులో మళ్ళీ ఎవరూ చెప్పలేదు. మాస్టారు బొగ్గుగాడినీ నన్నూ నిలబెట్టారు. "వీడి దగ్గర 3 రూపాయలు, వాడి దగ్గర 5. ఎవడు మెరుగు?" "బొగ్గు సార్." "ఇప్పుడవి అప్పులనుకోండి. ఎవడు మెరుగు?" "నేనే సార్." అంతే, అయిపోయింది పాఠం. బొగ్గు మాత్రం నిజంగానే నాకు 5 రూపాయలు బాకీ ఉండేవాడు.

ఇక బొర్రా గుహల పిక్నిక్. కార్తీక మాసం. లీడర్ని కాబట్టి వసూలు నాది. బస్సుకి 1,900. తిండి, టికెట్టు కలిపి మనిషికి 15. తలకి 60 చొప్పున తీసుకుంటున్నాం. మాస్టారు ముందే రానన్నారు, ఆయనకి ఘాటు రోడ్డు పడదు. అయినా లెక్క మాత్రం బోర్డు మీద చేయించారు. 60ఎక్స్ అనేది 1900 + 15ఎక్స్‌కి తగ్గకూడదు. రెండు వైపులా 15ఎక్స్ తీస్తే, 45ఎక్స్ 1900కి తగ్గకూడదు. భాగిస్తే 42.22. పేర్లిచ్చినవాళ్ళు 42 మంది. "సరిపోయింది సార్" అన్నాను ధీమాగా.

"ఆ పాయింటు తర్వాతది?"

"అరకన్నా తక్కువే కదా సార్, వదిలేశాను."

"సరిచూడు."

42 అరవైలు 2,520. ఖర్చు 1,900కి 630 కలిపితే 2,530. పది రూపాయలు తక్కువ. క్లాసంతా నవ్వింది, గంట అయితే బెంచీ కొట్టి మరీ నవ్వాడు. "పాయింటు ఇరవై రెండు మనిషి ఏ సీట్లో కూర్చుంటాడ్రా? వాడు రావాలంటే పూర్తిగా రావాలి. 43 కావాలి. సీట్లు 45 కాబట్టి ఆపైన వద్దు" అన్నారు మాస్టారు.

ఆ నలభై మూడో మనిషి కోసం రెండు రోజులు తిరిగాను. కోట వీధి దాకా వెళ్ళి ఇద్దరి ఇళ్ళల్లో బతిమాలాను. లాభం లేకపోయింది. ముందురోజు సాయంత్రం స్టాఫ్ రూముకి పిలిచారు. ఆ తెల్ల జేబులోంచి ఒక యాభై, ఒక పది తీసి టేబుల్ మీద పెట్టారు. నోట్లకి సుద్ద అంటుకుని ఉంది.

"మీరు రానన్నారు కదా సార్?"

"ఎక్స్ అంటే ఎవరని రాశావు?"

నోట్సు తీశాను. ఎక్స్ = వచ్చే పిల్లల సంఖ్య.

"నేను పిల్లాడినా?"

"కాదు సార్."

"మరి కొట్టెయ్."

"పిల్లల" కొట్టేసి పైన "మనుషుల" అని రాశాను. ఎర్ర పెన్నుతో పక్కన ఒకటి వేశారు.

మర్నాడు ఘాటు పొడుగునా ముందు సీట్లో కళ్ళు మూసుకుని, ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టుకుని కూర్చున్న మాస్టారి ఫోటో నా దగ్గర ఉండేది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుపానుకి అల్మరాతో సహా తడిసి ముద్దయిపోయింది. ఎవరి దగ్గరైనా ఉంటే సంచికకి ఇవ్వండి. పిక్నిక్‌లో 35 రూపాయలు మిగిలాయి. 30కి సీతాఫలాలు కొన్నాం. తక్కిన 5 నా దగ్గరే ఉండిపోయాయని గంట ఇప్పటికీ అంటాడు. నిజమే.

గంటా, ఈ ఒక్క పేరా వదిలెయ్. నేనిప్పుడు పోర్టులో సరుకు దించే కంపెనీలో ఆపరేషన్స్ చూస్తున్నాను. పద్నాలుగు మంది నా కింద. మొన్న కొత్తగా చేరిన కుర్రాడు, నాకన్నా పెద్ద కాలేజీలో చదివినవాడు, ఓడలో ఇంకా 2,160 టన్నులుంటే లారీకి 25 చొప్పున 86 లారీలు చాలని షీటు పంపాడు. 86.4 వచ్చిందట. "మిగిలిన పది టన్నులు నీ బండి మీద పట్టుకెళ్తావా బాబూ?" అన్నాను. గొంతు నాది కాదు. కుర్రాడికి అర్థం కాలేదు గానీ 87 చేశాడు. పెద్దమ్మాయి లెక్కల్లోనే ఎమ్మెస్సీ చేస్తోంది. దాని నోట్సులో కూడా మొదటి లైను చూస్తుంటాను.

ఇక కమిటీకి. మేడ మీద కాకుండా కింది హాలు తీసుకున్నారు, మంచి పని. మాస్టారికి మెట్లు కూడా పడటం లేదు. కానీ మీ లెక్క చూశాను. హాలు 18,000, ప్లేటు 350, తలకి 800, కాబట్టి 40 మంది వస్తే చాలని గ్రూపులో పెట్టారు. ఎక్స్ అంటే ఎవర్రా? ఆయన భోంచేస్తారు, ఆయన దగ్గర డబ్బు తీసుకోం. ఖర్చువైపు ఎక్స్‌లో ఉంటారు, వసూలువైపు ఉండరు. 800(ఎక్స్ − 1) పెట్టి చూడండి, 41.78 వస్తుంది. అంటే ఆయనతో కలిపి 42, మనం 41 మంది కట్టాలి. పేర్లిచ్చింది 40.

బొగ్గుకి మస్కట్ ఫోన్ చేశాను. టికెట్ దొరికితే వస్తానన్నాడు. "దొరికితే" అన్నాడు కదా అని పాయింటు ఐదుగా రాసుకోకండి. వాడు నాకు బాకీ ఉన్న 5 కూడా తెమ్మన్నాను, మీ 5 వాడి దగ్గరే తీసుకోండి.